అమ్మమ్మ కుట్టుమిషన్‌ను పాతినుప సామాన్లకు వేయకండి!

మీ ఇంట్లో అటక మీదో, పెరటి వసారాలోనో, మంచాల వెనకాలో ఒక నల్లటి కుట్టుమిషన్ ఉందేమో ఒకసారి చూడండి. మెడ మీద బంగారు రంగు పువ్వులు, పక్కన పెద్ద చక్రం, కింద ఇనుప జాలీ కాళ్ళు. దాని మీద పాత దుప్పట్లు, దండుగ సామాను పేర్చి ఉంటారు. చక్రం తిప్పితే తిరగదు. పండగకి ఇల్లు దులిపినప్పుడల్లా "దీన్ని ఇచ్చేద్దామా అత్తమ్మా?" అని కోడలు అడగడం, "ఉండనీయమ్మా, మా అమ్మ పెట్టింది" అని అత్తగారు అనడం, మళ్ళీ పండగ దాకా ఆ మాట మరిచిపోవడం మామూలే. ఆఖరికి ఒకరోజు వీధిలో "పాతిన్ప సామాన్లు కొంటాం" అన్న కేక వినబడగానే తూకానికి వెళ్ళిపోతుంది.

అలా ఇచ్చేసే ముందు ఈ నాలుగు మాటలు చదవండి. ఆ మిషన్ చాలావరకు చచ్చిపోయి ఉండదు. నిద్రపోతూ ఉంటుంది, అంతే. కాస్త నూనె, కాస్త ఓపిక, నాలుగైదు సాయంకాలాలు పెడితే మళ్ళీ కుడుతుంది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు గోదావరి ఒడ్డున ఉండే అక్కచెల్లెళ్ళకైతే ఈ సంగతి మరీ అవసరం. ఎందుకో కింద చెబుతాం.

గడ్డి కోసే మిషన్లకే అంత మర్యాదా!

ఇంగ్లండులో కొందరికి ఒక ముచ్చట ఉంది. పచ్చిక కోసే పాత యంత్రాలు, అదే లాన్ మూవర్లు, వెతికి పట్టుకొచ్చి, తుప్పు వదిలించి, పదును పెట్టించి, రంగు వేసి దాచుకుంటారు. సౌత్‌పోర్ట్ అనే ఊళ్ళో వీటికోసం ఒక మ్యూజియమే పెట్టారు. వినడానికి నవ్వొస్తుంది కదూ? కానీ ఆ యంత్రం పుట్టుక వింటే మనకు దగ్గరగానే అనిపిస్తుంది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన దాన్ని కనిపెట్టారు. ఊలు బట్టల మిల్లులో గుడ్డ మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిషన్ ఒకటి ఉండేది. గుడ్డ మీద నూగు కోసినట్టే నేల మీద గడ్డి ఎందుకు కోయకూడదు అని ఆయనకు తోచింది. అంటే గడ్డి మిషన్‌కు పుట్టిల్లు బట్టల మిల్లే!

విచిత్రం ఏమిటంటే అదే 1830లో ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ కుట్టుమిషన్‌కు పేటెంటు తీసుకున్నారు. సైనికుల దుస్తులు కుట్టడానికి ఆయన మిషన్లతో పెద్ద దుకాణమే పెట్టారు. తమ చేతి పని పోతుందని భయపడిన దర్జీలు 1831లో దాని మీద పడి మిషన్లు విరగ్గొట్టారు. మన ఇళ్ళలో లాన్లూ లేవు, వాటిని కోసే మిషన్లూ లేవు. కానీ కుట్టుమిషన్ లేని ఊరు ఉందా? దాచుకోవాలన్న ముచ్చట ఉంటే మనం దాచుకోవలసింది ఇదే.

మన దాకా ఎలా వచ్చింది?

1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ సూది కొనలో కన్ను పెట్టి, కింద షటిల్‌తో రెండో దారం అందించే మిషన్‌కు పేటెంటు పొందారు. చేతిసూదికి కన్ను పైన ఉంటుంది, మిషన్ సూదికి కింద ఉంటుంది. కిటుకంతా అక్కడే ఉంది. 1851లో ఐజాక్ సింగర్ తన మిషన్ తెచ్చారు. సింగర్ కంపెనీ గొప్పతనం మిషన్‌లో ఎంత ఉందో, అమ్మే పద్ధతిలోనూ అంతే ఉంది. డబ్బంతా ఒకేసారి కట్టలేని ఇళ్ళకు కంతుల మీద ఇవ్వడం 1856లోనే మొదలుపెట్టింది.

మన దేశానికి సింగర్ మిషన్లు 1870ల్లో వచ్చాయి. బొంబాయిలో నస్సర్వాన్‌జీ మెర్వాన్‌జీ పటేల్ అనే పార్శీ వ్యాపారి దేశమంతటికీ ఏజెంటుగా ఉండి ఊరూరికీ పంపించారు. మనకు వచ్చిన పాత సింగర్లలో చాలా వాటి పుట్టిల్లు స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ. అది 1885లో మొదలై 1980లో మూతపడింది. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషన్‌ను మాత్రం మినహాయించారు. మనిషికి పనికొచ్చే కొద్దిపాటి యంత్రాల్లో అదొకటని ఆయన అభిప్రాయం.

1930ల్లో కలకత్తాలో జే ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు చేయడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ పెట్టిన బిషన్ దాస్ బేసిల్ తన కూతురి పేరే మిషన్‌కు పెట్టుకున్నారట. లూథియానాలో తయారైన మిషన్లూ, విడిభాగాలూ దేశమంతా వ్యాపించాయి. ఇలా మన ఊళ్ళలో ఆడపిల్లకు పెట్టిన సారెలో, భర్త పోయిన ఇల్లాలికి పుట్టింటివాళ్ళు కొనిచ్చిన ఆసరాలో కుట్టుమిషన్ ఉంటూ వచ్చింది. జాకెట్లు కుట్టి పిల్లల్ని చదివించిన తల్లులు మీ వీధిలోనే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి!

మీ మిషన్ వయసెంత?

మిషన్ పీట మీద కుడిచేతి వైపు చిన్న పలకలాంటి చోట కొన్ని అంకెలు చెక్కి ఉంటాయి. గుడ్డతో తుడిచి చూడండి. సింగర్ అయితే ఆ నంబరును బట్టి ఏ ఏడాది తయారైందో తెలుస్తుంది. ఉత్త అంకెలే ఉంటే 1900కు ముందుది, అంకెల ముందు ఇంగ్లీషు అక్షరం ఉంటే తర్వాతిది అని మోటుగా గుర్తు. పూర్తి పట్టికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, కాలేజీకి వెళ్ళే అమ్మాయినో అబ్బాయినో అడిగితే క్షణంలో చూసి పెడతారు. మిషన్ మీద నీలం అంచు బిళ్ళ, అందులో 1851-1951 అని ఉంటే అది కంపెనీ నూరేళ్ళ పండగ నాటిది.

ఇంకో గుర్తు బాబిన్. గుండ్రంగా, చక్రంలా ఉంటే ఇప్పటికీ బజారులో దొరికే రకం కావచ్చు. సన్నగా పొడుగ్గా, పడవలాంటి షటిల్‌లో పడుకుని ఉంటే అది పాత తరానిది. ఆ పడవ షటిల్ పోగొట్టుకోకండి. మిషన్ కంటే దాన్ని వెతకడమే కష్టం.

గోదారి నీళ్ళు తగిలితే...

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. భద్రాచలం, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల వైపు వాళ్ళకు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వాళ్ళకు ఈ అంకెలు కంఠోపాఠం. వరద వచ్చినప్పుడు పిల్లల్నీ, బియ్యాన్నీ, కాగితాలనీ పట్టుకుని పోతాం. మిషన్ బరువు కదా అని వదిలేస్తాం. తిరిగొచ్చేసరికి నడుం లోతు ఒండ్రులో ఉంటుంది. ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చే వస్తువు అదే అయితే ఆ నష్టం మామూలుదా?

అందుకని ముందే ఒక పని నేర్చుకోండి. కాలిమిషన్ అంతా మోయనక్కర్లేదు. బెల్టు తప్పించి, మిషన్ తలను వెనక్కి వంచితే బల్లకు పట్టి ఉంచే రెండు కీలు కడ్డీలు కనబడతాయి. వాటి మరలు వదులు చేస్తే తల ఊడి వస్తుంది. పది పదిహేను కిలోల లోపే ఉంటుంది. ఇద్దరు పట్టుకుంటే డాబా మీదికో, మిట్ట మీది చుట్టాలింటికో చేరుతుంది. ఇనుప కాళ్ళు నీళ్ళలో ఉన్నా తర్వాత బాగు చేసుకోవచ్చు. మొదటి హెచ్చరిక వినగానే ఈ పని చేసేయండి. మూడోదాకా ఆగితే మీరు బయటపడటమే ముఖ్యం, మిషన్ సంగతి తర్వాత.

మునిగిపోయిందే అనుకోండి. నీళ్ళు తీయగానే ఆత్రంగా చక్రం తిప్పకండి. లోపల ఉన్న ఇసుక ఆకురాయిలా మరలను అరగదీస్తుంది. ముందు మంచినీళ్ళు ధారగా పోసి ఒండ్రు అంతా కడిగేయండి. మిషన్‌కు నీళ్ళు పోయడమా అని జంకకండి, బురద ఎండి గట్టిపడితే ఇంకా చేటు. తర్వాత పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి పెట్టండి. ఆరీ ఆరగానే సందుసందుకీ నూనె పట్టించండి. ఆలస్యమైతే తుప్పు ఒక్కరోజులోనే మొదలవుతుంది. మోటారు బిగించిన మిషన్ అయితే ప్లగ్గు ముట్టుకోవద్దు. మోటారు విప్పించి, ఎలక్ట్రీషియన్ చూసి బాగుందన్నాకే కరెంటు ఇవ్వాలి. చెక్క బల్లను ఎండలో పెట్టకండి, వంకర పోతుంది. నీడలో, ఇటుకల మీద ఎత్తుగా పెట్టి నిదానంగా ఆరనివ్వండి.

పట్టేసిన మిషన్‌ను కదిలించడం ఎలా?

ఏళ్ళ తరబడి వాడక చక్రం బిగిసిపోయిన మిషన్‌కు సుత్తి దెబ్బలు పనికిరావు. పోత ఇనుము పగులుతుంది కానీ వంగదు. ఈ వరసలో చేయండి.

1. ముందు సూది, పాదం, షటిల్, బాబిన్ కేస్ తీసి పక్కన పెట్టండి. ఏది ఎక్కడ నుంచి తీశారో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మరలన్నీ ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా వేసుకుంటే మళ్ళీ బిగించేటప్పుడు తికమక ఉండదు.

2. షటిల్ తిరిగే చోటును టార్చి వేసి చూడండి. చాలాసార్లు మిషన్ పట్టేయడానికి అసలు కారణం అక్కడ చిక్కుకున్న ఒక చిన్న దారపు పోగే! పాత టూత్‌బ్రష్‌తో, చిన్న పట్టకారుతో నూగు, దారాలు లాగేయండి.

3. పాత నూనె జిగురులా గట్టిపడి ఉంటే దొరికిన చోట కిరసనాయిలు, లేదంటే కాస్త డీజిల్ ప్రతి కీలులోనూ చుక్కచుక్కగా వేయండి. ఇది వంటింట్లో చేసే పని కాదు. పొయ్యికీ, దీపానికీ దూరంగా, ఆరుబయట చేయాలి. పిల్లలకు అందనివ్వకండి.

4. రాత్రంతా వదిలేయండి. మర్నాడు చక్రాన్ని ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి కదిపి చూడండి. కదలకపోతే మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఓపిక. కొన్ని మిషన్లకు వారం పడుతుంది. ఒకసారి కాస్త కదిలిందంటే ఇక దారికి వచ్చినట్టే.

5. హాయిగా తిరగడం మొదలయ్యాక నల్లటి మురికి కారుతుంది. తుడిచేయండి. అప్పుడు అసలైన మిషన్ ఆయిల్ వేయండి. పైన కనబడే ప్రతి చిల్లులో ఒక్క చుక్క, తల వెనక్కి వంచి కింద కదిలే ప్రతి కీలుకూ ఒక్క చుక్క. కింద తొక్కుడు పలకకు, పెద్ద చక్రానికి, ఆ రెండిటినీ కలిపే కడ్డీకి కూడా. కొత్త దారం ఎక్కించే ముందు పాతగుడ్డ మీద కాసేపు కుట్టండి, మిగులు నూనె అందులోకి పోతుంది.

చక్రం విప్పినవాళ్ళకు ఒక మాట. చక్రం మధ్యలో ఉండే గుండ్రటి మర కింద చెవులున్న చిన్న వాషర్ ఉంటుంది. అన్నీ బిగించాక చక్రం తిరుగుతుంది కానీ సూది ఆడదు, లేదా బాబిన్ చుట్టేటప్పుడు కూడా సూది ఆగదు. అప్పుడు మెకానిక్ కోసం పరుగెత్తకండి. ఆ వాషర్‌ను తీసి సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టండి. సాధారణంగా సరిపోతుంది.

ఇవి మాత్రం వద్దు!

కొబ్బరినూనె, ఆముదం, వంటనూనె పోయకండి. చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఇదే. పోసిన రోజు మెత్తగానే తిరుగుతుంది. కొన్ని నెలలకు ఆ నూనె బంకలా మారి మరలన్నిటినీ అతికించేస్తుంది. మిషన్ ఆయిల్ చిన్న సీసా చౌక, ఏళ్ళ తరబడి వస్తుంది.

బంగారు పువ్వుల మీద స్పిరిట్, థిన్నర్, గోళ్ళరంగు తుడిచే మందు రాయకండి. పై మెరుపు కరిగి పువ్వులతో సహా ఊడి వస్తుంది. సబ్బునీళ్ళు, పీచు కూడా వద్దు. దూదికి మిషన్ ఆయిల్ అద్ది మెల్లగా గుండ్రంగా తుడిస్తే చాలు, మురికి పోయి పువ్వులు తేలతాయి.

ఇత్తడి బిందెలకు రాసినట్టు చింతపండు రాయకండి. పులుపు ఇనుమును తింటుంది. తుప్పు పట్టిన తెల్లటి లోహపు భాగాలను సన్నని స్టీల్ ఊలుకు నూనె అద్ది రుద్దండి.

చెక్క బల్లకు అవిసెనూనె పల్చగా రాస్తే కళ వస్తుంది. కానీ ఆ నూనె గుడ్డల్ని ఉండగా చుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరబెట్టి అప్పుడు పారేయండి. అడవి దగ్గరి ఊళ్ళలో చెదల బాధ ఎక్కువ కాబట్టి బల్ల కాళ్ళ దగ్గర చెక్క నేలను తాకకుండా చూడండి.

కుట్టు సరిగా పడటం లేదా?

తిరగడం మొదలైంది, కానీ గుడ్డ కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా పడుతోంది. వెంటనే కింద బాబిన్‌ను అనుమానిస్తాం. నిజానికి తప్పు ఎక్కువగా పైదారానిది. పాదం పైకి లేపి దారం ఎక్కించండి, అప్పుడే టెన్షన్ బిళ్ళల మధ్య దారం లోతుగా కూర్చుంటుంది. ఆపైన కూడా ఉచ్చులు పడితే టెన్షన్ మరను కాస్త బిగించి చూడండి.

కుట్లు దాటిపోతుంటే సూది మార్చండి. వంగిన సూది, మొద్దుబారిన సూది మిషన్‌కు లేని జబ్బులన్నీ తెప్పిస్తుంది. సూదికి ఒకవైపు పొడుగు గాడి ఉంటుంది. దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే కంట్లోకి వెళ్ళాలి. సూదిని పైదాకా నెట్టి బిగించాలి. బెల్టు జారుతుంటే కొక్కెం విప్పి, కాస్త ముక్క కోసి మళ్ళీ తగిలించండి. బాబిన్ చుట్టుకోకపోతే దాని చిన్న రబ్బరు రింగు అరిగి ఉంటుంది, కొత్తది వేయించండి.

ఇవన్నీ చేసినా దారికి రాకపోతే అప్పుడు మీ ఊరి పాత మెకానిక్‌ను పిలవండి. కాలిమిషన్లు విప్పడం తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆయన చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూడండి. అడిగితే సంతోషంగా చెబుతారు.

కొని దాచుకోవాలనుకుంటే

కొందరికి ఒక మిషన్ బాగుచేశాక రెండోదాని మీద మనసు పోతుంది. పోనీయండి, చీరల మీద పోవడం కంటే మంచిదే! కొనే ముందు నాలుగు చూసుకోండి. పోత ఇనుములో పగుళ్ళు ఉన్నాయా? షటిల్, బాబిన్ కేస్, పీట మీద జరిపే మూతలు ఉన్నాయా? చక్రం కాస్తయినా కదులుతుందా? నంబరు పలక అలాగే ఉందా? పువ్వులు చెరిగినా ఫరవాలేదు, భాగాలు పోతే కష్టం. గుండ్రటి బాబిన్ ఉన్న ఉషా తరహా మిషన్లకు విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. మొదటిసారి చేసేవాళ్ళు వాటితోనే మొదలుపెట్టడం మంచిది. పాత మిషన్‌కు కొత్త రంగు పూయించాలన్న తొందర వద్దు. సేకరించేవాళ్ళు అసలు నలుపును, అసలు పువ్వులనే కోరుకుంటారు. లండన్‌లో కుట్టుమిషన్ల మ్యూజియం ఒకటి ఉంది. అక్కడ అద్దాల వెనక పెట్టిన వాటికి అక్కచెల్లెళ్ళు మన అటకల మీద ఉన్నాయి.

ఒక సంగతి ఆలోచించండి. కరెంటు పోతే మీ మిక్సీ ఆగుతుంది, గ్రైండర్ ఆగుతుంది. కాలిమిషన్ ఆగదు. గాలివానకు రెండు మూడు రోజులు కరెంటు రాని అడవి పక్క ఊళ్ళో, వరద తగ్గాక తడిసిన బట్టలన్నీ చిరిగిపోయిన ఇంట్లో, దాని విలువ తూకం రాళ్ళతో తేలేది కాదు. మీకు అవసరం లేదనుకుంటే బాగుచేసి, కుట్టు నేర్చుకుంటున్న పక్కింటి అమ్మాయికో, మీ పొలం పనికి వచ్చే ఆమె కూతురికో ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక మిషన్ ఆయిల్ సీసా, ఒక సూదుల ప్యాకెట్ కూడా చేతిలో పెట్టండి. కొబ్బరినూనె పోయొద్దని చెప్పడం మాత్రం మరిచిపోకండి!